కత్తిసాము – కట్టుబాటు

'తాలింఖానా' అనే మాట మన కోస్తా జిల్లాలలో వినని వారు అరుదు. కర్రసాము, కత్తిసాము నేర్పే చోటుకూ, పండుగ ఊరేగింపులలో ప్రదర్శించే ఆ విద్యకూ అదే పేరు. ఆ మాట పుట్టుకను తలచేవారు మాత్రం తక్కువ. అరబ్బీ భాషలో 'తాలీం' అంటే విద్య గరపడం. పారశీకంలో 'ఖానా' అంటే ఇల్లు. కనుక తాలింఖానా అంటే విద్యాలయమే. ఆయుధం కంటె ముందు శిక్షణ అన్న నియమం ఆ పేరులోనే ఇమిడి ఉన్నది.

ఇట్టి విద్య మనకే పరిమితం కాదు. ఐరోపాలో రెండు చేతులతో పట్టే నిడుపాటి ఖడ్గంతో పోరే పద్ధతిని 14వ శతాబ్దంలో జర్మన్ గురువు లిఖ్టెనావర్ సూత్రబద్ధం చేశాడు. 15వ శతాబ్ది ఆరంభంలో ఇటలీవాడైన ఫియోరే, 1570లో యోఆకిమ్ మేయర్ ఈ విద్యపై సచిత్ర గ్రంథాలు రచించారు. కాలక్రమాన అక్కడ గురుపరంపర తెగిపోయింది, గ్రంథాలు మిగిలాయి. నేటి ఔత్సాహికులు వాటిని చదివి ఆ విద్యను పునరుద్ధరిస్తున్నారు. ఐరోపా అలుగులు మన దక్కనుకూ వచ్చాయి. వాటికి స్వదేశపు పిడి అమర్చిన తిన్నని కత్తిని ఇక్కడివారు 'ఫిరంగి' అన్నారు. నేడు తెలుగులో ఆ మాటకు శతఘ్ని అనే అర్థమే నిలిచింది.

ప్రత్యర్థిని గాయపరచకుండా పోరాటం నేర్చుకోవడం ఎట్లా? ఏ దేశపు గురువుకైనా ఎదురైన ప్రశ్న ఇదే. ఉత్తరాదిలో కత్తికి బదులు 'గత్కా' అనే కర్రను, తోలు డాలును వాడారు. జర్మన్లు పదునులేని, వంగే గుణం గల పలుచని అభ్యాస ఖడ్గాన్ని రూపొందించారు. దానిని నేటివారు 'ఫేడర్' అంటారు. ఆ మాటకు ఈక అని అర్థం. పొడిచినప్పుడు అలుగు వంగి తాకిడి బలాన్ని తగ్గిస్తుంది.

పదును లేనంత మాత్రాన అపాయం తొలగదు. సుమారు కిలోన్నర బరువుగల ఉక్కు కడ్డీ వేగంగా తగిలితే వ్రేళ్ళు విరుగుతాయి. అందుచేత జల్లెడవంటి ఉక్కు ముసుగు, కంఠ కవచం, దళసరి అంగీ, బరువైన చేతొడుగులు ధరిస్తారు. సాధారణ ముసుగు తల వెనుక భాగాన్ని కాపాడదు; దానికి వేరే కప్పు కావాలి. 1982లో రోమ్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో ప్రత్యర్థి కత్తి విరిగి, ముసుగును చీల్చుకొని పోగా, 1980 ఒలింపిక్ విజేత, సోవియట్ క్రీడాకారుడు వ్లదిమీర్ స్మిర్నోవ్ మరణించాడు. ఆ తరువాతనే ముసుగులకు, దుస్తులకు, అలుగుల ఉక్కుకు కఠినమైన ప్రమాణాలు ఏర్పడ్డాయి. ఒక ప్రాణం పోయిన పిదప వచ్చిన జ్ఞానమది.

విద్యార్థులు ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. అమలాపురం దసరా ఉత్సవాలలో కళ్ళకు గంతలు కట్టుకొని, మనిషి మేనిపై ఉంచిన కాయలను కత్తితో ఖండించే విన్యాసం ప్రసిద్ధం. అది ప్రదర్శన; అందులో ఎదుటివాడు కదలడు, వేటు ముందే నిర్ణీతం. పోరులో ఇరువురూ కదులుతారు; తరువాతి వేటు ఏదో ఎవరికీ తెలియదు. చూచిన విన్యాసాన్ని గురువు లేకుండా అనుకరించడం సాహసం కాదు, అవివేకం.

మన కళాశాలలలో కర్రసాము నేర్పదలచినచో పాలకవర్గం వారు ముందుగా ముసుగులు, చేతొడుగులు సమకూర్చాలి. అనుభవజ్ఞుడైన గురువు ఎదుట లేనిదే జోడు కట్టనీయరాదు. ఇరువురిలో ఎవరు 'ఆపు' అన్నా ఆట తక్షణమే ఆగాలి. పరికరాలకు అయ్యే వ్యయం ఒక విద్యార్థి కంటిచూపు కంటె ఎక్కువ కాదు.

వేటు వేయగల బలం యౌవనం ఇస్తుంది. ఆ వేటును ఆపగల నిగ్రహాన్ని శిక్షణ మాత్రమే ఇస్తుంది.