జిల్లేడుకాయలు, జపాను గ్యోజా – ఎవరు, ఎప్పుడు, ఎంత తినవచ్చును?

ఉద్యోగరీత్యా పిల్లలు విదేశాలలో స్థిరపడిన కుటుంబాలు నేడు బందరులోను, గుడివాడలోను, దివిసీమ గ్రామాలలోను అనేకం. బిడ్డలను చూడబోయిన తల్లిదండ్రులను వారు ఏదో ఒక సాయంత్రం జపాను వారి చిన్న భోజనశాలకు తీసుకువెళ్ళి, ‘గ్యోజా’ అనే పదార్థాన్ని తెప్పించడం కద్దు. అర్ధచంద్రాకారంలో, అంచున మడతలు పెట్టిన కాయలు పళ్ళెంలో వరుసగా వస్తాయి. చూడగానే మన ఇల్లాలికి వినాయక చవితినాటి జిల్లేడుకాయలు జ్ఞప్తికి వస్తాయి. వెంటనే సందేహాలూ కలుగుతాయి. ఇది మన ఒంటికి సరిపడుతుందా? మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ముట్టవచ్చునా?

ఆయుర్వేద దృష్టిలో ఈ రెండూ పిష్టాన్నాలే, అనగా పిండితో చేసినవే. పిష్టాన్నం గురుగుణం కలది, ఆలస్యంగా జీర్ణమవుతుంది. అందుచేతనే చరకుడు భోజనం ముగించిన తరువాత పిండివంటలు తినవద్దని, ఆకలిగా ఉన్నప్పుడైనా మితంగానే తినవలెనని విధించాడు. సుశ్రుతుడు మరొక మెలకువ చేర్చాడు: పిష్టాన్నం తిన్నవారు రెట్టింపు నీరు త్రాగితే అది సుఖంగా అరుగుతుందని. మన ఇళ్ళలో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. పులిహోర, గారెలు, పాయసంతో విస్తరి నింపి, కడుపు నిండిన తరువాత ‘ప్రసాదం కాదనకూడదు’ అంటూ నాలుగు ఉండ్రాళ్ళు వడ్డిస్తాము. ఆ సాయంత్రపు కడుపుబ్బరానికి నింద మాత్రం ఉండ్రాళ్ళ మీద పడుతుంది!

వండే విధానంలోనే చాలా సంగతి ఉన్నది. బియ్యపు పిండికి గోధుమపిండివలె సాగే జిగురు లేదు. కనుకనే మరుగుతున్న నీటిలో పిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, వేడి ఆరకముందే మర్దించవలెను. అలా చేయని పిండి ఆవిరిలో పగిలి, పూర్ణం బయటపడుతుంది. గ్యోజా పైపొర గోధుమపిండిది. ఆ పిండి సాగుతుంది కనుక కాగితమంత పలుచగా వత్తవచ్చును. పెనం మీద కొద్ది నూనె వేసి కాయలు పేర్చి, అడుగు ఎర్రబారిన తరువాత కాసిని నీళ్ళు పోసి మూతపెడతారు. ఆ ఆవిరికి పైభాగం ఉడుకుతుంది. నీరు ఇగిరిపోయాక అడుగు తిరిగి కరకరలాడుతుంది. నీటిలో ఉడికించేవి, నూనెలో మునిగేలా వేయించేవి కూడా ఉన్నాయి. జీర్ణశక్తి తక్కువగా ఉన్నవారు ఉడికించినవి అడగడం మేలు. వేయించినవి మన కజ్జికాయలంత బరువు.

లోపలి కూర విషయం ముందుగానే అడిగి తెలుసుకోవలెను. సాధారణంగా అది పంది మాంసం, క్యాబేజీ, వెల్లుల్లి, అల్లం కలిపిన ముద్ద. పంది మాంసం బలకరమే అయినా గురువని చరకుడే చెప్పాడు. శాకాహారులకు కూరగాయలతో చేసినవీ దొరుకుతాయి. అయితే వాటిలో గుడ్డు, చేపల రసం లేవని రూఢి చేసుకోవలెను. రక్తపోటు ఉన్నవారు ప్రక్కన ఇచ్చే సోయా సాసును గమనించవలెను. దానిలో ఉప్పు అత్యధికం. కాయను దానిలో ముంచవద్దు. కొసను తాకించి తింటే చాలు.

ఇక్కడ ఒక ముచ్చట. గ్యోజా జపానుకు చైనా నుండి వచ్చింది. 1945 తరువాత మంచూరియా నుండి తిరిగివచ్చిన జపానీయుల వల్ల ఇంటింటికీ వ్యాపించింది. చైనాలో దీని పుట్టుకను ఒక వైద్యునికే ముడిపెడతారు. హాన్ వంశకాలపు వైద్యుడు ఝాంగ్ ఝోంగ్‌జింగ్, చలికి చెవులు కొరుక్కుపోయిన పేదలకు మాంసమూ మూలికలూ పిండిలో చుట్టి, చెవి ఆకారంలో ఉడికించి పెట్టాడట. కథే కావచ్చును గాని, వంటింటికీ వైద్యానికీ ఉన్న చుట్టరికం దానిలో కనబడుతుంది. జపానులో వినాయకుని ‘కంగితెన్’ అని పూజిస్తారు. ఆయనకు నివేదించే సంచి ఆకారపు తీపికి మన మోదకమే మూలం. వారు దానిని నువ్వులనూనెలో వేయిస్తారు. మనము ఆవిరి మీద ఉడికిస్తాము.

మన పద్ధతికి ఋతువును బట్టి కూడా బలం ఉన్నది. వర్షర్తువులో జఠరాగ్ని మందగిస్తుందని, అప్పుడు పాత ధాన్యమే వాడవలెనని చరకుని ఋతుచర్య. కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతలు కార్తీక మార్గశిరాలలో జరుగుతాయి. ఆ బియ్యం భాద్రపదానికి సుమారు తొమ్మిది నెలల పాతది అవుతుంది. వేసవిలో వచ్చిన దాళ్వా బియ్యానికి ఆ పాతదనం ఉండదు. కనుక చవితి పిండికి సార్వా బియ్యం ఎంచుకోవడం ఉత్తమం. ఉండ్రాళ్ళ రవ్వను దోరగా వేయించి వండితే మరికొంత తేలిక.

జిల్లేడుకాయలకు గ్లాసు పిండికి గ్లాసుకు కాస్త మించిన నీరు, చెంచాడు నెయ్యి, చిటికెడు ఉప్పు. కప్పు కొబ్బరికోరుకు ముప్పాతిక కప్పు బెల్లం వేసి దగ్గరకు ఉడికించి, ఏలకుల పొడితో పాటు చిటికెడు శొంఠిపొడి కలపండి. శొంఠి దీపనం, పాచనం. పూర్ణపు బరువును కొంత తగ్గిస్తుంది. పది పన్నెండు నిమిషాల ఆవిరి సరిపోతుంది. ఉదయం పూజ కాగానే, భోజనానికి ముందు, ఆకలి మీద రెండు తినండి. ఆ పూట అన్నం తగ్గించండి.

మధుమేహం ఉన్నవారికి ఇవి తగవు. బెల్లం మనదే కదా, చక్కెరవలె చేయదు అనే భ్రమ చాలా ఇళ్ళలో ఉన్నది. రక్తంలో చక్కెరను అదీ పెంచుతుంది. వారు కుండ మూతికి గుడ్డ వాసెన కట్టి, మినప పిండితో వండే ఆవిరి కుడుమును అల్లం పచ్చడితో ఒకటి తినవచ్చును. మన మాగాణులలో వరి తరువాత పండే మినుము అందుబాటులోనే ఉన్నది. అయితే మినుము వాతహరమైనా గురువు, కఫపిత్తకరం, రాత్రిపూట పనికిరాదు.

ఎక్కువ తిని కడుపు బరువెక్కితే, మరునాటి ఉదయం నిజమైన ఆకలి కలిగేవరకు లంఘనం చేయండి. శొంఠి వేసి కాచిన గోరువెచ్చని నీరు కొద్దికొద్దిగా త్రాగండి. పలుచని మజ్జిగలో కాస్త వాము పొడి కూడా మంచిదే. కాని పెద్దలలో, ముఖ్యంగా మధుమేహులలో, పండుగ భోజనం తరువాత రొమ్ము బరువెక్కి చెమటలు పట్టినా, నొప్పి ఎడమ చేతికో దవడకో ప్రాకినా, ఆయాసం వచ్చినా అది అజీర్తి అని వాము నీళ్ళు ఇస్తూ కాలయాపన చేయవద్దు. ఆ లక్షణాలు గుండెపోటువి కావచ్చును. రోగిని నడిపించకుండా, ఆ క్షణమే దగ్గరలోని ఆసుపత్రికి తరలించండి.