ప్రత్యక్ష దృశ్యమేళనమును పదిలపరచుట

నేటి సంగీతోత్సవములందు గాయకులు, వాద్యగాండ్రు నిలిచిన వేదిక వెనుక గోడయంత తెర యొకటి వెలుగుచుండుట శ్రోతలలో పలువురు చూచియే యుందురు. తాళము మారినపుడు దానిపై బొమ్మ మారును. మృదువైన రాగమునకు రంగులు నెమ్మదిగా కరగును. దరువు హెచ్చినపుడు మెరుపులు కురియును. అది ముందుగా తీసిపెట్టిన చలనచిత్రము కాదు. వేదిక ప్రక్కన కంప్యూటరు ముందు కూర్చున్న యొక కళాకారుడు, చిన్న చిన్న దృశ్యఖండములను పాటను వినుచు అప్పటికప్పుడు కలిపి పంపుచుండును. అతనిని వీజే అందురు. ఆ రాత్రి ఆ వరుసలో కలిసిన దృశ్యములు మరల ఆ విధముగా కలియవు. ప్రసారమైన మాట గాలిలో కలిసిపోవుట ఎట్టిదో ఎరిగిన మావంటి రేడియో వారికి ఈ చింత కొత్త కాదు.

ఈ విద్యకు ప్రసారకేంద్రములతో చుట్టరికము కూడ కలదు. 1970 ఆగస్టు 1వ తేదీన అమెరికాలోని బాస్టన్ నగరమందలి డబ్ల్యూజీబీహెచ్ టెలివిజన్ కేంద్రములో నామ్ జూన్ పైక్ అను కొరియా దేశపు కళాకారుడు, షూయా ఆబె అను జపాను ఇంజనీరుతో కలిసి నిర్మించిన వీడియో సింథసైజరును ఉపయోగించి, బీటిల్స్ పాటలకు నాలుగు గంటలపాటు ప్రత్యక్షముగా దృశ్యములను అల్లి ప్రసారము చేసెను. నాడు గదిలో పట్టని యంత్రములు చేసిన పనిని నేడు రెసొల్యూమ్, వీడీఎమ్ఎక్స్ వంటి సాఫ్ట్‌వేర్లు ఒడిలో పట్టు కంప్యూటరులో చేయుచున్నవి. కలుపుట సులభమైనది. కలిపినదానిని చక్కగా దాచుకొనుట మాత్రము అంత సులభము కాలేదు.

మా మిత్రుని కుమార్తె యొకతె ఈ వృత్తిలో నున్నది. రెండు గంటలు సాగిన తన తొలి పెద్ద ప్రదర్శనను ఆమె అదే కంప్యూటరులో రికార్డు చేసికొనెను. తెరపై ముత్యములవలె మెరసిన చుక్కలు ఆ ఫైలులో బురదచుక్కలుగా కనబడెను. ముదురు నీలిరంగు మెట్లు మెట్లుగా విరిగిపోయెను. కొత్త అవకాశము కొరకు నిర్వాహకులకు చూపవలసిన ఏకైక సాక్ష్యమది. "కంటితో చూచినది ఇది కాదు, బాబాయిగారూ" అని ఆమె అన్నపుడు కారణము తెలిసికొనవలెనని మాకును తోచినది.

ముందు లెక్క చూతము. సాధారణమైన హెచ్‌డీ చిత్రములో అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువులుండును. ఒక్కొక్క బిందువు రంగునకు మూడు బైట్లు. అనగా ఒక్క బొమ్మకు 62 లక్షల 20 వేల 800 బైట్లు. సెకనుకు 30 బొమ్మల చొప్పున 18 కోట్ల 66 లక్షల బైట్లు. గంటకు సుమారు 672 జీబీ. ఇంత సరుకును ఎవరును మోయలేరు కనుక దానిని కుదించు పద్ధతి యొకటి కావలెను. అట్టి పద్ధతులనే కోడెక్కులందురు. ఇంటింట వాడుకలో నున్న హెచ్.264 అను పద్ధతి 2003లో ప్రమాణముగా ఏర్పడినది. అంతర్జాలములో ప్రత్యక్షప్రసారమునకు వాడు 6 మెగాబిట్ల వేగమున ఇది గంట దృశ్యమును 2.7 జీబీలో ఇమిడ్చును. దాదాపు 250వ వంతు!

ఇంత కుదింపు ఎట్లు సాధ్యము? మన ఇండ్లలో పాల లెక్కవలె. రోజును రెండు లీటర్లే పోయించుకొను ఇంట "నిన్నటివలెనే" అని గీత గీసిన చాలును. అదే పెండ్లియింట పూటకొక కొలత. అక్కడ ప్రతి పూట పద్దు పూర్తిగా వ్రాయవలసినదే. హెచ్.264 కూడ క్రితము బొమ్మతో పోల్చి, మారిన భాగమునే వ్రాసికొనును. వార్తలు చదువు మనిషి విషయములో మారునది పెదవులు, కనురెప్పలు మాత్రమే. కాని వీజే కల్పించు నిప్పురవ్వలు, మెరుపులు, ఎగురు రేణువులు పెండ్లియింటి లెక్క వంటివి. మారనిది ఏదియు లేదు. చిన్న పుస్తకములో పెద్ద లెక్క వ్రాయుమన్న గుమాస్తా అంకెలను మ్రింగినట్లు, తక్కువ బిట్లిచ్చిన కోడెక్ వివరములను మ్రింగును. కావున వార్తలకు చాలు వేగము ఈ కళకు చాలదు. వేగమును బిగించి కట్టుటకంటె, ఓబీఎస్ వంటి రికార్డు సాఫ్ట్‌వేరులో నాణ్యతనే స్థిరముగా నుంచు సీఆర్ఎఫ్ పద్ధతిని ఎంచి, అంకెను 16, 18 ప్రాంతమున నుంచుట మేలు. ఇందు అంకె తగ్గినకొలది నాణ్యత హెచ్చును; ఫైలు కూడ పెరుగును.

రంగు విషయములో మరియొక పొదుపు కలదు. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత సూక్ష్మముగా రంగుల తేడాను పట్టదు. అందుచేత 4:2:0 అను పద్ధతిలో నాలుగు బిందువులకు కలిపి ఒకే రంగును వ్రాయుదురు. ముఖచిత్రములకు ఇది తెలియదు; నీలిపై ఎర్రని అక్షరములు, సన్నని రంగుగీతలు మాత్రము అంచులలో అలుకుకొనిపోవును. ఆమె దృశ్యములలో అధికభాగము అట్టివే.

వీజేలు ప్రదర్శనకు వాడు కోడెక్కులు వేరు. రెసొల్యూమ్ వారి డీఎక్స్‌వీ, వీడీఎమ్ఎక్స్ వాడుకరులలో ప్రసిద్ధమైన హ్యాప్ అనునవి క్రితము బొమ్మను అడుగవు. ప్రతి బొమ్మయు తనంత తానుగా నిలుచును. గ్రాఫిక్ కార్డు వానిని తటాలున విప్పగలదు. సాధారణ హ్యాప్‌లో బిందువునకు అర బైటు; పై లెక్కలో ఆరవ వంతు, గంటకు 112 జీబీ లోపు. రెసొల్యూమ్‌లోనే రికార్డు చేసిన ఫైలు డీఎక్స్‌వీలో దిగును. అది మరల ప్రదర్శనలో వాడుకొనుటకు చక్కనిది. కాని ప్రతి కంప్యూటరులోను తెరుచుకొనదు. ఇతరులకు ఇచ్చునపుడు మార్చక తప్పదు.

మా అభిప్రాయములో కోడెక్కుకంటె ముఖ్యమైన ప్రశ్న వేరొకటి కలదు: రికార్డు చేయు భారము ఎవరిది? ప్రదర్శన నడుపు కంప్యూటరే రికార్డు కూడ చేసిన, రెండు పనుల నడుమ అది ఊపిరాడక బొమ్మలను జారవిడుచును. మ్యాక్‌లో సైఫన్, విండోస్‌లో స్పౌట్ అను మార్గములద్వారా అదే యంత్రములోని మరియొక సాఫ్ట్‌వేరునకు దృశ్యమును అందించవచ్చును. గ్రాఫిక్ కార్డు లోపలనే చేతులు మారును కనుక అందించుటలో శ్రమ తక్కువ, కాని వ్రాయు శ్రమ ఆ యంత్రముదే. హెచ్‌డీఎమ్ఐ తీగద్వారా వెలుపలి రికార్డరునకు పంపుటయే మాకు నచ్చిన మార్గము. అట్టి రికార్డర్లు పెక్కు ఆపిల్ సంస్థ 2007లో తెచ్చిన ప్రోరెస్ కోడెక్కులో వ్రాయును. ప్రోరెస్ 422 సెకనుకు సుమారు 147 మెగాబిట్లు, అనగా గంటకు 66 జీబీ తీసికొనును. రంగును కూడ 4:2:0 కంటె ఉదారముగా దాచును.

తీగ తగిలించిన మాత్రమున పని తీరదు. కంప్యూటరు 0 నుండి 255 వరకు వెలుగును పంపుచుండగా రికార్డరు 16 నుండి 235 వరకే ఎదురుచూచిన, నీడలు, వెలుగులు చివరలలో తెగిపోవును. తారుమారైన నలుపు బూడిదయగును. రెండింటిని ఒకే కొలతకు తేవలెను. బొమ్మల వేగము కూడ అంతే. సెకనుకు 25 బొమ్మల దృశ్యమును 30లో వ్రాసిన ప్రతి అయిదింటిలో ఒకటి రెండుమార్లు వచ్చి, నడక కుంటుపడును.

ఇక ఫైలు పెట్టె. సాధారణ ఎంపీ4 ఫైలులో విషయసూచిక చివరన వ్రాయబడును. నడుమ కరెంటు పోయిన సూచిక లేని ఆ ఫైలు తెరుచుకొనుట దుర్లభము. ఎమ్‌కేవీలో అంతవరకు వ్రాసినది దక్కును. తరువాత ఓబీఎస్‌లోనే నాణ్యత చెడకుండ ఎంపీ4గా మార్చుకొనవచ్చును. మన ఊళ్లలో కార్యక్రమము చేయువారికి ఈ మాట రెండుమార్లు చెప్పినను తప్పులేదు.

ధ్వనిని గురించి మేము చెప్పకున్న ఎవరు చెప్పుదురు? మైకుతో గాలిలోనుండి పట్టిన శబ్దములో పాటకంటె ఈలలెక్కువ. మిక్సరు నుండి వచ్చు తీగను అదే రికార్డరునకు తగిలించవలెను. వేరుగా రికార్డు చేసినచో రెండు యంత్రముల గడియారములు సమముగా నడువవు. గంట గడచుసరికి దరువొకచోట, మెరుపొకచోట పడును. మొదట, చివర ఒక్కొక్క చప్పట్లదెబ్బ, దానితో తెరపై ఒక తెల్లని మెరుపు ఉంచిన, తరువాత సరిపుచ్చుట సులభమగును.

మూల ప్రతి చేతనున్నపుడు పలుచని ప్రతులు ఎన్నియైనను చేసికొనవచ్చును. పలుచని ప్రతినుండి మరల మూలము రాదు. కుదించినదానిని కుదించినకొలది నష్టము పెరుగును. వాట్సాప్‌లో వీడియోగా పంపిన అది మరియొక మారు కుదియును. డాక్యుమెంటుగా పంపిన ఉన్నదున్నట్లు చేరును.

ఆ అమ్మాయి తరువాతి ప్రదర్శనకు వెలుపలి రికార్డరు నొకదానిని అద్దెకు తెచ్చుకొనెను. ముందునాడు అయిదు నిమిషములు, అన్నిటికంటె ఎక్కువ రవ్వలెగురు ఘట్టముతోనే, పరీక్షించి చూచెను. రెండు గంటల ప్రోరెస్ ఫైలు సుమారు 132 జీబీ తూగినది. దానిని రెండు డిస్కులలో వేరువేరుగా దాచి, నిర్వాహకులకు 20 మెగాబిట్ల హెచ్.264 ప్రతిని, ఇంట తల్లికి నాలుగు నిమిషముల ముక్కను పంపెను.