‘ప్రాణమా, స్వేచ్ఛా?’ అని జీడీలో అడిగితే..

పది మంది అభ్యర్థులు, పదిహేను నిమిషాలు, ఎదురుగా నోట్‌ప్యాడ్‌లతో ఇద్దరు ప్యానెల్ సభ్యులు. టాపిక్: ‘మహమ్మారి వచ్చినప్పుడు ప్రజారోగ్యం ముఖ్యమా, వ్యక్తి స్వేచ్ఛ ముఖ్యమా?’ మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

నేను 2021 మార్చిలో ఈ గ్రూప్ డిస్కషన్‌లో కూర్చున్నాను. మొదటి నిమిషంలోనే దూకేశాను. ‘ప్రాణం ఉంటేనే కదండీ స్వేచ్ఛ!’ అంటూ సభలు, పెళ్లిళ్లు, జాతరలు, ఎన్నికలు అన్నీ ఆపేయాల్సిందేనని గొంతు పెంచి చెప్పాను. ఎదుటి అబ్బాయి ‘ఇది ఎమర్జెన్సీ కంటే ఘోరం’ అన్నాడు. మిగతా ఎనిమిది మంది మా ఇద్దరి మధ్యలో నలిగిపోయారు. బాగా మాట్లాడానని లోపల సంతోషంగానే ఉంది, చివర్లో ప్యానెల్‌లో పెద్దాయన నావైపు తిరిగేదాకా.

‘మీది ఆంధ్రప్రదేశే కదా? కిందటేడు కరోనా వచ్చిందని లోకల్ ఎన్నికలు ఆపినాయనే ఈ ఏడు జరపాల్సిందే అన్నారు. అప్పుడు జరపాల్సిందే అన్న ప్రభుత్వం ఈ ఏడు ఆపాలంది. మీ లెక్కలో ఎవరిది ప్రాణం వైపు? ఎవరిది స్వేచ్ఛ వైపు?’

నోరు పెగల్లేదు. సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, అంతకు నెల రోజుల ముందే ఆ ఎన్నికల్లో మా నాన్న పోలింగ్ డ్యూటీ చేసొచ్చారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్ టీచరు. నేను ఇంట్లో కూర్చుని జీడీ టాపిక్స్ బట్టీ పడుతున్నప్పుడు, ఆ టాపిక్కే మా గుమ్మం దాటి బయటికెళ్లి అర్ధరాత్రి తిరిగొచ్చింది. నేను చూళ్లేదు.

కరోనా అయిపోయింది, ఇప్పుడిదంతా ఎందుకు అనుకోకండి. టాపిక్ పేరు మారుతుందంతే. ఇంటర్నెట్ షట్‌డౌన్ కావచ్చు, పాత 144 సెక్షన్ (ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 163) కావచ్చు, దీపావళికి టపాసుల నిషేధం కావచ్చు. కంపెనీ జీడీలోనైనా, గ్రూప్స్ ఇంటర్వ్యూలోనైనా లోపలున్న ప్రశ్న ఒకటే. అందుకే ఆరోజు నేను చెప్పలేకపోయిన కేసును ఇప్పుడు మీకు చెబుతున్నాను.

పది నెలల్లో తారుమారు

2020 మార్చి 7న ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక ఎన్నికల షెడ్యూలు వచ్చింది. 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ కరోనాను కారణంగా చూపి ఎన్నికల్ని ఆరు వారాలు వాయిదా వేశారు. అప్పటికి రాష్ట్రంలో కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తమతో ఒక్కమాటైనా చెప్పకుండా ఎలా ఆపుతారని జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం మండిపడింది. మార్చి 31లోపు ఎన్నికలు జరక్కపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు పోతాయన్నది వాళ్ల వాదన. నామినేషన్లలోనే దౌర్జన్యాలు జరిగాయన్నది ప్రతిపక్షాల వాదన. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 18న కోర్టు వాయిదా జోలికి పోలేదు గానీ, ఎన్నికల కోడ్ మాత్రం ఎత్తేయమంది. కొత్త తేదీ పెట్టేముందు ప్రభుత్వాన్ని సంప్రదించమని కూడా చెప్పింది.

ఏప్రిల్‌లో కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గిస్తూ ఆర్డినెన్స్ వచ్చింది, ఆయన పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. జులై ఆఖరుకు ఆయన మళ్లీ కుర్చీలోకొచ్చారు.

అసలు మలుపు 2021 జనవరిలో. 8న కమిషనర్ పంచాయతీ ఎన్నికల షెడ్యూలు ఇచ్చారు. ఈసారి వద్దన్నది ప్రభుత్వం. వ్యాక్సినేషన్ మొదలవుతోంది, సిబ్బంది అంతా ఆ పనిలో ఉండాలంది. ఉద్యోగ సంఘాలు కూడా టీకా వేశాకే డ్యూటీ అన్నాయి. 11న హైకోర్టు సింగిల్ జడ్జి షెడ్యూలును ఆపేశారు. 21న డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును పక్కనపెట్టింది. 25న సుప్రీంకోర్టు కూడా ఎన్నికలకే దారిచ్చింది. ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా పోలింగ్ జరిగింది. ప్రతి విడతలోనూ 80 శాతం పైగా ఓటేశారు.

ఇందులో ఎవరి ఉద్దేశం మంచిది, ఎవరిది రాజకీయం అన్న చర్చలోకి మీరు దిగితే జీడీ అక్కడే పోతుంది. చూడాల్సింది వేరే ఉంది. రెండుసార్లూ రెండు పక్షాలూ వాడిన మాట ‘ప్రజల ఆరోగ్యం’, ‘ప్రజల హక్కు’. మాటలు అవే, మనుషులు అటూ ఇటూ మారారు. కాబట్టి ఆరోగ్యమా, హక్కా అని అడిగితే జవాబు రాదు. ఆపే అధికారం ఎవరిది, ఏ చట్టం కింద, ఎన్నాళ్లు, అంతకంటే తక్కువ నష్టంతో వేరే దారి లేదా అని అడగాలి.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల పదవీకాలం 2018 ఆగస్టులోనే ముగిసింది. అంటే కరోనా ఊళ్లోకొచ్చి, వీధికి ముళ్లకంచె అడ్డం పెట్టి, క్వారంటైన్ ఎక్కడో నిర్ణయిస్తున్న రోజుల్లో ఊరికి ఎన్నికైన సర్పంచే లేరు, ప్రత్యేక అధికారి పాలన. రాజ్యాంగంలోని 243ఈ గడువు ముగిసేలోపే ఎన్నికలు పెట్టమంటుంది. ఎన్నిక వాయిదా కూడా ఖరీదైనదే. ఆ బిల్లు వెంటనే కనిపించదంతే.

మా ఇంట్లో జరిగింది

నాన్నకు షుగరు. డ్యూటీ ఆర్డరు చేతికొచ్చిన రోజు అమ్మ ‘సెలవు పెట్టండి’ అంది. ఆయన ‘ఊళ్లో ఎన్నికలు జరగాల్సిందే, కానీ నాకు టీకా వేసి పంపొచ్చుగా’ అన్నారు. ఆ ఒక్క వాక్యంలో ఉన్నంత స్పష్టత నా పదిహేను నిమిషాల అరుపుల్లో లేదు. టీకా అందలేదు. రెండు మాస్కులు పెట్టుకుని వెళ్లారు. పొద్దున ఆరున్నరకు పోలింగ్ మొదలు, మధ్యాహ్నం మూడున్నరకు ముగింపు, చివరి గంట కరోనా ఉన్నవాళ్లు పీపీఈ కిట్లతో ఓటేయడానికి. నాలుగు నుంచి అక్కడే కౌంటింగ్. ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. అమ్మ పెరట్లోనే వేణ్నీళ్లు పెట్టింది. ఆయనకేం కాలేదు.

‘చూశారా, ఏం కాలేదు, ఎన్నికలు పెట్టడమే కరెక్ట్’ అనకండి. అదే ఏడాది ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు రెండో వేవ్ మధ్యలో జరిగాయి. డ్యూటీ చేసిన తర్వాత 1,621 మంది టీచర్లు, సిబ్బంది చనిపోయారని అక్కడి ప్రాథమిక ఉపాధ్యాయ సంఘం జాబితా ఇచ్చింది. ప్రభుత్వం ముందు ముగ్గురే అంది. డ్యూటీలో ఉండగా పోయినవాళ్లనే లెక్కపెట్టే పాత నిబంధన అది. తర్వాత డ్యూటీ అయిన 30 రోజుల్లోపు మరణాలకూ పరిహారం ఇచ్చేలా మార్చారు. మా నాన్న ఫిబ్రవరిలో వెళ్లారు, వాళ్లు ఏప్రిల్లో వెళ్లారు. తేడా అక్కడుంది. తెలంగాణలోనూ ఏప్రిల్ 20 నుంచి రాత్రి కర్ఫ్యూ పెట్టి, 30న వరంగల్, ఖమ్మం కార్పొరేషన్లకు పోలింగ్ జరిపారు.

కోర్టు ఇచ్చిన కొలబద్ద

ఇలాంటి వాటిని తూచడానికి సుప్రీంకోర్టు వాడిన త్రాసు ఒకటుంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా చెప్పింది. హక్కుకు హద్దు పెట్టాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి తగినంత మేరకే హద్దుండాలి. 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో ఇదే కొలతను టీకాలకు వాడారు. ఆ బెంచ్‌కు నేతృత్వం వహించిన జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు మన తెలుగువారే. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదు, కానీ సమాజ ఆరోగ్యం కోసం టీకా వేసుకోనివాళ్లపై తగిన మేరకు ఆంక్షలు పెట్టొచ్చు అన్నారు. అంటే జీడీలో నేనూ తప్పే, నన్ను ఎదిరించిన అబ్బాయీ తప్పే.

టెక్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఆరోగ్యసేతు. 2020 ఏప్రిల్ 2న యాప్ వచ్చింది. మే 1న కేంద్ర హోంశాఖ ఉద్యోగులందరికీ తప్పనిసరి అంది. బ్లూటూత్, లొకేషన్ రెండూ అడిగే యాప్‌ను ఏ చట్టం కింద తప్పనిసరి చేస్తారన్న ప్రశ్న గట్టిగానే వచ్చింది. మే 17 నాటి ఉత్తర్వులో అది ‘వీలైనంత వరకు’ అన్న స్థాయికి దిగింది. అదే నెల 26న ఆండ్రాయిడ్ కోడ్‌ను బయటపెట్టారు. అడిగితే మారుతుంది మరి. నేనైతే అప్పట్లో ఆ కోడ్ చదవడానికి రెండు రాత్రులు కూర్చున్నాను. ఉద్యోగం రాలేదు గానీ ఆ కాలక్షేపం బావుంది.

ఈ మధ్య ఈ మూడు పరీక్షల సంగతి నాన్నకు చెప్పాను. చట్టం, అవసరం, తగినంత మేరకు. అంతా విని ఆయన, ‘బానే ఉంది రా. ఆరోజు సామాన్లతో పాటు నాకిచ్చిన శానిటైజర్ సీసాలో సగమే ఉంది. అది ఏ పరీక్ష కిందికొస్తుంది?’ అన్నారు.