పాత కారులో పెట్రోలు పంపు పరీక్ష
2014లో తయారీ నిలిచిన అంబాసిడరు కార్లలో కార్బురేటరు గల పాతబండ్లు గ్రామములందు కొన్ని యింకను కలవు. ఇంజను నిలిచినంతనే పెట్రోలు పంపు చెడినదని క్రొత్తది కొనవలదని సభ్యులకు మనవి చేయుచున్నాము.

ముందు టాంకిలో పెట్రోలు కలదేమో, వడపోత జాలి మూసికొనిపోయెనేమో చూడవలెను. పిమ్మట, ఇంజను చల్లారిన తరువాత, నిప్పురవ్వ పుట్టకుండ కాయిలునకు వచ్చు సన్నతీగను తొలగించి, కార్బురేటరుకడ గొట్టమును విప్పి డబ్బాలో నుంచి, ఇంజనును త్రిప్పవలెను. చుట్ట, బీడీ దగ్గర నుండరాదు.

పెట్రోలు ఆగియాగి బలముగా చిమ్మినచో పంపు మంచిదే. చిమ్మనిచో, టాంకినుండి వచ్చు గొట్టమున గాలి చొరబడుచున్నదేమో చూచి, ఆపై పంపును విప్పవలెను.

పంపులోని పొర చినిగినచో పెట్రోలు ఇంజను నూనెలో దిగవచ్చును. నూనెపుల్ల పెట్రోలు వాసన కొట్టినచో కారు నడపరాదు. పలుచబడిన నూనెతో బేరింగులరుగును. పొరకు పట్టు వ్యయము స్వల్పము. ఇంజనుకైనచో అప్పు చేయవలసివచ్చును.