పైపులో గాలి ఎంత పోతోంది? అనిమోమీటర్ చెప్పేది సగం మాటే

మన ఇళ్ల నుంచి ఏసీ, డక్ట్ పనుల మీద గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పనిలో తరచూ చేతికొచ్చే పరికరం అనిమోమీటర్. గాలి సెకనుకు ఎన్ని మీటర్ల వేగంతో పోతోందో ఇది చూపిస్తుంది. కానీ ఇంజినీర్ అడిగేది వేగం కాదు, గంటకు ఎన్ని క్యూబిక్ మీటర్లు పోతోందని. ఆ లెక్క మనమే వేయాలి.

ఇందులో రెండు రకాలు ఎక్కువగా వాడతారు. ఒకదానికి చిన్న ఫ్యాన్ ఉంటుంది, గాలికి అది తిరుగుతుంది. రెండోది హాట్ వైర్. కరెంటుతో వేడెక్కిన సన్నని తీగను గాలి ఎంత చల్లబరిస్తే వేగం అంత ఎక్కువన్నమాట. చిన్న రంధ్రంలోంచి పైపులోకి పెట్టడానికి ఇదే అనువు.

లెక్క ఇలా వేయాలి

పైపు లోపలి వైశాల్యాన్ని సగటు వేగంతో గుణించాలి. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పైపు వైశాల్యం 0.0314 చదరపు మీటర్లు. సగటు వేగం 4 మీటర్లయితే గంటకు సుమారు 452 క్యూబిక్ మీటర్లు.

పొరపాటు ఇక్కడే జరుగుతుంది. గోడల దగ్గర గాలి నెమ్మదిస్తుంది, మధ్యలో జోరుగా పోతుంది. ఇదే పైపు మధ్యలో మీటర్ 5 చూపించవచ్చు. ఆ ఒక్క రీడింగే పట్టుకుంటే లెక్క 565కి పోతుంది, అంటే 25 శాతం ఎక్కువ! అందుకే అడ్డంగా, నిలువుగా చాలా చోట్ల కొలిచి సగటు తీయాలి. వ్యాసం కూడా జాగ్రత్తగా కొలవాలి. 20 బదులు 19 అని రాసుకుంటే ఫలితం దాదాపు 10 శాతం తగ్గిపోతుంది.

వంపు, వాల్వ్, ఫ్యాన్‌ల పక్కన కొలవకూడదు. అక్కడ గాలి సుడి తిరుగుతుంది. వాటి తర్వాత వ్యాసానికి పది రెట్ల పొడవు తిన్నని పైపు ఉంటే మంచిది.

వంట గ్యాస్ జోలికి వద్దు

హాట్ వైర్ మీటర్లను సాధారణంగా గాలికి సరిచేసి అమ్ముతారు. వేరే గ్యాస్ తీగను వేరేలా చల్లబరుస్తుంది, రీడింగ్ తప్పుతుంది. హైడ్రోజన్ వేడిని లాగేసే గుణం గాలి కంటే దాదాపు ఏడు రెట్లు. అంతకంటే పెద్ద సంగతి ప్రాణభయం. మండే గ్యాస్‌లో మామూలు మీటర్ పెడితే నిప్పు రాజుకోవచ్చు. ఇంటికొచ్చే పైపు గ్యాస్‌కు కంపెనీ మీటర్ వేరే ఉంటుంది, అది వేగం కాదు, నేరుగా పరిమాణమే లెక్కిస్తుంది. బిల్లు మీద అనుమానం వస్తే కంపెనీవాళ్లనే పిలిపించండి. పైపుకు రంధ్రం మాత్రం పెట్టనివ్వకండి.