పిడుదులు కుక్కపైనే కాదు.. గోడ పగుళ్లలోనూ!

నవాబుపేట (వికారాబాద్ జిల్లా): వర్షాలు మొదలయ్యాక గొర్రెల మంద వెంట తిరిగే కుక్క ఉన్నట్టుండి తిండి మానేసి మూలన ముడుచుకుంటుంది. తినరానిదేదో తిన్నదనుకొని యజమాని రెండు రోజులు వేచి చూస్తాడు. ఆలోగా చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం కాఫీ రంగుకు మారుతుంది. అప్పటికే రక్తంలోని ఎర్రకణాలు పెద్దఎత్తున నశించి ఉంటాయి. మందకు కాపలా ఉన్న కుక్క చనిపోతే కాపరికి రాత్రి నిద్ర కరవైనట్లే.

పిడుదుల ద్వారా సోకే ఈ జబ్బును బబేసియోసిస్ అంటారు. గ్రామాల్లో గోమార్లుగా పిలిచేవి ఈ పిడుదులనే. కచ్చితంగా చెప్పాలంటే ఇవి కీటకాలు కావు, ఎనిమిది కాళ్లతో సాలెపురుగుల వర్గానికి చెందినవి. జబ్బుకు మూలమైన పరాన్నజీవుల్లో ఒకటైన బబేసియా గిబ్సోనికి దక్షిణ భారతంతో పాత సంబంధమే ఉంది. 1910లో పాటన్ అనే శాస్త్రవేత్త మద్రాసులోని వేటకుక్కల రక్తంలోనూ, తర్వాత ఒక నక్క రక్తంలోనూ దీనిని తొలిసారి గుర్తించి వివరించారు.

మందు పోసినా మళ్లీ ఎందుకు?

పిడుదుల మందు పోసిన పది, పదిహేను రోజులకే అవి మళ్లీ కనిపిస్తే మందు పనిచేయలేదనుకోవడం పరిపాటి. అసలు కారణం వేరే ఉంది. కుక్కలపై ఎక్కువగా కనిపించే గోధుమరంగు పిడుదు పిల్ల దశలో ఒకసారి, ఎదిగే దశలో మరోసారి, పెద్దదయ్యాక ఇంకోసారి రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ కుక్కను వదిలి కిందికి రాలిపోతుంది. ఆడ పిడుదు గోడ పగుళ్లలోనో, రాళ్ల సందుల్లోనో, కొట్టం మూలల్లోనో చేరి వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. పెద్ద పిడుదులు నెలల తరబడి తిండి లేకుండానే బతకగలవు. అంటే ఏ సమయంలోనైనా కుక్క ఒంటిపై కనిపించేవి కొన్నే, మిగిలినవన్నీ ఇంటి పరిసరాల్లోనే దాగి ఉంటాయి. అందుకే కుక్కకు మందు వాడిన రోజునే అది పడుకునే చోటును శుభ్రం చేయాలి. పాత గోనెసంచులు తీసేసి, పగుళ్లను పూడ్చాలి. గుడ్ల నుంచి కొత్త పిల్లలు వస్తుంటాయి కనుక పశువైద్యుడు చెప్పిన వ్యవధిలో ఈ పని మళ్లీ చేయాల్సిందే.

పిడుదు కరిచిన వెంటనే జబ్బు అంటుకోదు. సాధారణంగా అది ఒకటి రెండు రోజులకు పైగా పట్టుకొని ఉంటేనే పరాన్నజీవులు రక్తంలోకి చేరతాయి. రోజూ సాయంత్రం చెవుల లోపల, కాలివేళ్ల మధ్య, మెడపట్టీ కింద వెతికి తీసేస్తే చాలావరకు ముప్పు తప్పుతుంది. గిబ్సోని రకానికి మరో దారి కూడా ఉంది. కుక్కలు కొట్లాడుకొని కరుచుకున్నప్పుడు గాయాల ద్వారా నేరుగా సోకుతుంది. పైగా పశువుల బబేసియాకు వాడే ఇంజెక్షన్ ఈ రకాన్ని పూర్తిగా తొలగించలేదు. ఏ రకమో తెలియాలంటే రక్త పరీక్ష తప్పనిసరి. స్థానికంగా ఆ వీలు లేనివారు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిని సంప్రదించవచ్చు.

దోమలతోనూ ముప్పే

దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది సికింద్రాబాద్‌లోనే. కుక్కల్లో డైరోఫైలేరియా అనే దారపు పురుగులను వ్యాపింపజేసేదీ దోమే. గుండెలో చేరే రకం మన దేశంలో ప్రధానంగా ఈశాన్య రాష్ట్రాల్లో కనిపిస్తుండగా, దక్షిణాదిలో చర్మం కింద గడ్డలు కట్టించే రకం ఉంది. ఇది అరుదుగా మనుషుల కంట్లోనూ బయటపడుతుంది. బోదకాలు పురుగు మాత్రం వేరు, అది కుక్కల నుంచి రాదు. నీటి తొట్లను వారానికోసారి ఖాళీ చేయడం, డెల్టామెత్రిన్ మెడపట్టీ కట్టడం దోమల బెడదను తగ్గిస్తాయి.

పంట మందు పోయొద్దు

పిడుదుల కన్నా వేగంగా కుక్కను చంపగలిగేది రైతు ఇంట్లోనే ఉంటుంది. పత్తికో, కూరగాయలకో తెచ్చిన పురుగుమందును కాస్త నీళ్లలో కలిపి కుక్కకు పోసే అలవాటు ఇంకా పోలేదు. అది చర్మం గుండా లోపలికి వెళ్తుంది, కుక్క ఒళ్లు నాకితే కడుపులోకి చేరుతుంది. నోటివెంట చొంగ కారడం, వణుకు, మూర్ఛ వచ్చి గంటల్లోనే ప్రాణం పోవచ్చు. అదే కుక్కను హత్తుకునే పిల్లలకూ ప్రమాదమే. పొరపాటున పోసినట్లయితే చేతులకు తొడుగులు వేసుకొని సబ్బునీటితో బాగా కడగాలి. మందు డబ్బాతో సహా వెంటనే పశువైద్యుడి వద్దకు తీసుకెళ్లాలి. గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిమందునూ అంచనాతో కుక్కకు వేయరాదు. కొన్ని జాతి కుక్కలకు అది ప్రాణాంతకం. నెలకో, మూడు నెలలకో ఒకసారి తినిపించే పిడుదుల మాత్రలు మార్కెట్లో ఉన్నాయి. ఖరీదు ఎక్కువే అయినా బరువును బట్టి మోతాదు నిర్ణయించి ఇస్తారు. మూర్ఛలు వచ్చే కుక్కలకు మాత్రం వీటిని వైద్యుడి సలహా లేకుండా ఇవ్వకూడదు.

ఒంటిపై పట్టుకున్న పిడుదును కిరోసిన్ పోసి, అగ్గిపుల్లతో కాల్చి తీయడం సరికాదు. చర్మానికి ఆనించి పట్టకారుతో నిదానంగా పైకి లాగి స్పిరిట్‌లో వేయాలి. గోళ్లతో నలిపితే దాని కడుపులోని రక్తం చేతికి అంటుతుంది.