ఒకే కారు – మూడు ఇంజన్లు

అమెరికాలోని ఫోర్డు సంస్థ మస్టాంగు అనే స్పోర్ట్సు కారును 1964 ఏప్రిల్ నెలలో మొదటిసారిగా అమ్మకానికి పెట్టినది. ఆనాడే అందులో ఆరు సిలిండర్ల ఇంజనును గాని, ఎనిమిది సిలిండర్ల ఇంజనును గాని ఎంచుకొనే వీలు ఉండేది. అర్ధ శతాబ్దము గడచిన తరువాత, 2015 సంవత్సరపు నమూనాలో ఆ ఎంపిక మూడు విధములైనది. శరీరము ఒకటే, చక్రముల అమరిక ఒకటే. ముందు మూత క్రింద మాత్రము మూడు వేర్వేరు యంత్రములు.

మొదటిది 3.7 లీటర్ల వి-6. ఇందులో ఆరు సిలిండర్లు ఇంగ్లీషు 'వి' అక్షరమువలె రెండు వరుసలుగా అమరి ఉంటవి. దాని గరిష్ఠశక్తి 300 అశ్వశక్తి. రెండవది 2.3 లీటర్లది, నాలుగే సిలిండర్లు, వాటికి తోడు ఒక టర్బోచార్జరు. దాని శక్తి 310. మూడవది 5 లీటర్ల వి-8. దాని శక్తి 435. అమెరికాలో వీటి ప్రారంభపు ధరలు వరుసగా సుమారు 24 వేలు, 25 వేలు, 32 వేల డాలర్లు.

ఈ అంకెలను చూచినవానికి రెండు సందేహములు కలుగుతవి. 3.7 లీటర్ల ఇంజనుకంటె 2.3 లీటర్ల ఇంజను అధికశక్తిని ఎట్లు ఇస్తున్నది? కేవలము 10 అశ్వశక్తి కొరకు దాదాపు 1,500 డాలర్లు ఎక్కువ చెల్లించుట వివేకమేనా? ఈ ప్రశ్నలకు జవాబు కరపత్రములోని పెద్ద అక్షరములలో దొరకదు. దానికి ఇంజను పనిచేసే తీరు తెలియవలెను.

అశ్వశక్తి అంకె ఏమి చెప్పుతుంది?

ఇంజనులో మండిన పెట్రోలు పిస్టనును క్రిందికి నెట్టుతుంది. ఆ నెట్టుడు వంకర ఇరుసును త్రిప్పుతుంది. ఇరుసును త్రిప్పే ఈ బలప్రభావమునకు టార్కు అని పేరు. దీనిని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. ఇరుసు ఎంత గట్టిగా తిరుగుతున్నదో టార్కు తెలుపుతుంది. అది ఎంత వడిగా తిరుగుతున్నదో నిమిషమునకు చుట్ల సంఖ్య తెలుపుతుంది. ఈ రెండింటి లబ్ధమే శక్తి. టార్కును చుట్ల సంఖ్యతో హెచ్చించి 9,550 చేత భాగిస్తే శక్తి కిలోవాట్లలో వస్తుంది. ఒక అశ్వశక్తి 746 వాట్లు.

కనుక గరిష్ఠశక్తి అనేది ఒకానొక చుట్ల సంఖ్యవద్ద మాత్రమే లభించే శక్తి. వి-6 ఇంజను తన 300 అశ్వశక్తిని నిమిషమునకు 6,500 చుట్లవద్ద ఇస్తుంది. టర్బో ఇంజను తన 310 అశ్వశక్తిని 5,500 చుట్లవద్దనే ఇస్తుంది. వి-8 తన 435 అశ్వశక్తిని మరల 6,500 చుట్లవద్ద ఇస్తుంది. నిత్యజీవితములో ఊరి వీధులలో గాని, పెద్ద రహదారిపై గాని కారు నడిపేవాడు అంతటి వడికి ఇంజనును చేర్చుట అరుదు. అతని ప్రయాణములో అధికభాగము 1,500కు, 3,000కు మధ్య సాగుతుంది.

అందువలన 3,000 చుట్లవద్ద మూడింటిని పోల్చి చూడవలెను. టర్బో ఇంజను గరిష్ఠ టార్కు 434 న్యూటన్ మీటర్లు. అది సరిగా 3,000 చుట్లవద్దనే లభిస్తుంది. పై సూత్రము ప్రకారము ఆ క్షణమున దాని శక్తి 136 కిలోవాట్లు, అనగా 183 అశ్వశక్తి. వి-6 గరిష్ఠ టార్కు 380. అది 4,000 చుట్లవద్ద గాని అందదు. 3,000వద్ద కూడ అంత టార్కు ఉన్నదని ఉదారముగా అనుకొన్నా, దాని శక్తి 119 కిలోవాట్లను, అనగా 160 అశ్వశక్తిని మించదు. కరపత్రములో 10గా కనిపించిన భేదము, నిత్యము వాడే వడిలో 23కు తక్కువ కాదు. ముందు పోయే లారీని దాటవలసి వచ్చినపుడు టర్బో కారు ఉన్న గేరులోనే ముందుకు ఉరుకుతుంది. వి-6 కారు నడిపేవాడు గేరు తగ్గించి, ఇంజనును వడిగా తిప్పుకొనవలెను.

వి-8 గరిష్ఠ టార్కు 542, అది 4,250 చుట్లవద్ద. దానికి పై ఇద్దరితోను పోటీ లేదు. కాని దాని పూర్తిశక్తి కావలెనంటే అదికూడ 6,500 చుట్లను అందుకొనవలసినదే.

ఇంజను ఒక గాలిపంపు

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. మామూలు పీడనములో అది దాదాపు 12 ఘనమీటర్ల గాలి. పెట్రోలును ఎంతైనా చల్లవచ్చును. గాలిని లోపలికి చేర్చుటయే కష్టము. కనుక ఇంజను ఎంత గాలిని పీల్చగలదో అంత శక్తినే ఇవ్వగలదు.

ఈ ఇంజన్లలో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకమారు గాలిని పీల్చుకొంటుంది. 3.7 లీటర్ల ఇంజను 6,500 చుట్లవద్ద నిమిషమునకు సుమారు 12,000 లీటర్ల గాలిని పీల్చగలదు. 2.3 లీటర్ల ఇంజను 5,500 చుట్లవద్ద 6,300 లీటర్లకు మించి పీల్చలేదు. అయినా రెండింటి శక్తియు దాదాపు సమానమే. ఇది సాధ్యము కావలెనంటే చిన్న ఇంజనులోనికి పోయే గాలి దాదాపు రెండింతలు చిక్కగా ఉండవలెను. ఆ పని చేసేదే టర్బోచార్జరు.

ఇంజను నుండి బయటికి పోయే వేడి పొగలో ఇంకను కొంత శక్తి మిగిలి ఉంటుంది. ఆ పొగ ఒక చిన్న చక్రమును గిరగిర త్రిప్పుతుంది. అదే ఇరుసు రెండవ కొనకు అమర్చిన మరియొక చక్రము బయటి గాలిని అదిమి సిలిండర్లలోనికి త్రోస్తుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి ఈ ఉపాయమునకు 1905లోనే పేటెంటు పొందెను. కాని అమ్మకపు కార్లలోనికి అది 1962లో గాని రాలేదు. ఆ ఏడు అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కొర్వెయిర్ మొంజా స్పైడర్ అనే రెండు కార్లు టర్బోచార్జరుతో వెలువడినవి.

ఆలస్యమునకు కారణము వేడి. సైకిలు పంపుతో గాలి కొట్టినపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట అందరికి తెలిసినదే. గాలిని రెండింతల పీడనమునకు అదిమితే దాని ఉష్ణోగ్రత 60 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. అంత వేడిగాలి సిలిండరులో మరల నొక్కబడినపుడు, నిప్పురవ్వ పడి మంట క్రమముగా వ్యాపించేలోపల మిగిలిన మిశ్రమము తనంత తానే భగ్గున మండవచ్చును. సుత్తితో కొట్టినట్లు చప్పుడు వస్తుంది, పిస్టన్లు దెబ్బతింటవి. జెట్‌ఫైర్ కారులో దీనిని ఆపుటకు నీరు, మిథనాలు కలిసిన ద్రవమును గాలిలో చల్లేవారు. ఆ ద్రవమును తరచుగా నింపుకొనే ఓపిక వాహనదారులకు లేకపోయినది. 1963తో ఆ కారు ముగిసిపోయినది.

2015 నాటి ఇంజనులో ఇదే సమస్యకు వేరు పరిష్కారములు ఉన్నవి. అదిమిన గాలిని సిలిండరు చేరకముందే ఒక శీతలకము గుండా పంపుతారు. పెట్రోలును నేరుగా సిలిండరులోనే చల్లుతారు. అది ఆవిరి అగుచు లోపలి వేడిని కొంత గ్రహిస్తుంది. సంపీడన నిష్పత్తిని 9.5కు తగ్గించినారు, వి-6లో అది 10.5, వి-8లో 11. వీటికితోడు మేలురకము పెట్రోలు కావలెను. 310 అశ్వశక్తి అను అంకె అమెరికాలో 93 ఆక్టేను గుర్తుతో అమ్మే పెట్రోలుతో పొందినది. మామూలు పెట్రోలు పోస్తే ఇంజను తన్ను తాను కాపాడుకొనుటకు శక్తిని తగ్గించుకొంటుంది. వి-6 మాత్రము మామూలు పెట్రోలుతోనే తృప్తిపడుతుంది.

టర్బోకు మరియొక లోపము కలదు. పొగ పెరిగితేనే చక్రము వడిగా తిరుగుతుంది; చక్రము తిరిగితేనే గాలి పెరుగుతుంది; గాలి పెరిగితేనే పొగ పెరుగుతుంది. కనుక కాలు నొక్కిన మరుక్షణమే బలము రాదు. కొద్ది జాగు జరుగుతుంది. స్వయముగా గాలి పీల్చే వి-6, వి-8 ఇంజన్లలో ఈ జాగు లేదు.

పెట్రోలు ఖర్చు

1,600 కిలోల కారు సమతలమైన రోడ్డుపై గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవుటకు ఎంత శక్తి కావలెను? గాలి నిరోధమును, టైర్ల నిరోధమును లెక్కించి చూస్తే సుమారు 15 కిలోవాట్లు, అనగా 20 అశ్వశక్తి చాలును. 435 అశ్వశక్తి ఇంజను ఆ సమయమున తన శక్తిలో ఇరువదవ వంతుకూడ ఇవ్వవలసిన అవసరము లేదు.

ఇంత తక్కువ పని చేయవలసినపుడు ఇంజనులోనికి గాలి పోయే దారిని ఒక పలక దాదాపు మూసివేస్తుంది. పిస్టన్లు మూసిన దారికి ఎదురుగా గాలిని పీల్చవలెను. ఆ శ్రమ వృథా. ఎనిమిది పిస్టన్ల రాపిడి దానికి తోడవుతుంది. గ్లాసెడు పాలు కాచుటకు పెండ్లివంటల గాడిపొయ్యి వెలిగించినట్లే ఇది. చిన్న ఇంజనులో ఆ పలక మరికొంత తెరచి ఉంటుంది; రాపిడికూడ తక్కువ.

అమెరికా పర్యావరణ సంస్థ పరీక్షలలో, చేతితో గేర్లు మార్చే 2015 మస్టాంగుకు వచ్చిన ఫలితములు దీనిని చూపుతవి. టర్బో ఇంజను లీటరుకు ఊరిలో సుమారు 9.4, రహదారిపై 13.2 కిలోమీటర్లు నడిచినది. వి-6 వరుసగా 7.2, 11.9, వి-8 వరుసగా 6.4, 10.6 కిలోమీటర్లు నడిచినవి. ఏడాదికి 15,000 కిలోమీటర్లు, ఊరిలో సగము, రహదారిపై సగము నడిపేవానికి వి-8 వలన అయ్యే అదనపు ఖర్చు సుమారు 500 లీటర్ల పెట్రోలు.

అయితే ఈ పొదుపు నడిపేవాని పాదములో ఉన్నది. టర్బో ఇంజనును ఎల్లప్పుడు పూర్తి బలముతో పరుగెత్తిస్తే, లోపలి వేడిని తగ్గించుటకు మండుటకు కావలసినదానికంటె ఎక్కువ పెట్రోలు చల్లవలసి వస్తుంది. అప్పుడు చిన్న ఇంజను పెద్ద ఇంజనువలెనే త్రాగుతుంది. పందెపు బాటపై తిరిగేవాడు పరీక్షశాలలోని అంకెలను ఆశించరాదు.

చోటునుబట్టి, మనిషినిబట్టి

ఎంపికలో ఊరు ఎత్తునుకూడ లెక్కించవలెను. డెన్వర్ నగరము సముద్రమట్టమునకు సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలి సాంద్రత దాదాపు 15 శాతము తక్కువ. కనుక వి-8 శక్తి 370 అశ్వశక్తికి దిగిపోతుంది. టర్బో చక్రము మరింత వడిగా తిరిగి ఈ లోటును చాలవరకు పూరించగలదు. సముద్రతీరమున ఉన్న మయామీలో ఈ ప్రయోజనము లేదు.

టర్బో కారు వి-8 కారుకంటె దాదాపు 80 కిలోలు తేలిక. ముక్కు తేలికైన కారు మలుపులలో చురుకుగా తిరుగుతుంది. వి-8కు ఉన్న ఆకర్షణ వేరు. నాలుగు సిలిండర్ల ఇంజనులో 3,000 చుట్లవద్ద సెకనుకు 100 ప్రేలుళ్లు, వి-8లో 200. పైగా వి-8 రెండు వరుసలలోను ప్రేలుళ్లు సమాన వ్యవధిలో జరుగవు. అందుచేతనే దాని పొగగొట్టములనుండి ఆ గుడగుడ ధ్వని వెలువడుతుంది. ఆ ధ్వని కొరకే డబ్బు చెల్లించేవారు ఉన్నారు. అది తప్పు కాదు. దేనికి చెల్లిస్తున్నారో తెలిసి చెల్లించవలెను.

మొత్తముమీద, ఆఫీసుకు పోయి వచ్చుచు అప్పుడప్పుడు కొండదారులలో తిరిగేవానికి టర్బో ఇంజను తగినది. కాలు నొక్కిన వెంటనే బలము, చివరివరకు తగ్గని పరుగు కావలెనని, పెట్రోలు ఖర్చును భరించగలనని అనుకొనేవానికి వి-8 తగినది. వి-6 మధ్యలో చిక్కుకొన్నది. సులభమైన నిర్మాణము, మామూలు పెట్రోలు దాని సుగుణములు. కాని క్రింది వడిలో టర్బో దానిని మించినది, పై వడిలో వి-8 మించినది. 2018 నమూనాలో ఫోర్డు సంస్థ దానిని తొలగించినది. తక్కిన రెండు నిలిచినవి. 2024 నమూనాలో వాటి శక్తి వరుసగా 315, 480 అశ్వశక్తి. భారతదేశమునకు 2016లో మస్టాంగు వచ్చినపుడు వి-8 ఒక్కటే వచ్చినది. ఇక్కడ కొనేవానికి ఈ ఎంపిక చేసే శ్రమ లేకపోయినది.

స్పోర్ట్సు కారు కొనని విద్యార్థికికూడ ఈ లెక్క ఉపయోగపడుతుంది. మోటారుసైకిళ్ల కరపత్రములలో శక్తి, టార్కు, అవి ఏ చుట్ల సంఖ్యవద్ద లభిస్తవో ముద్రించి ఉంటుంది. రెండు బండ్ల కరపత్రములను తరగతికి తెచ్చి, టార్కును చుట్లతో హెచ్చించి 9,550 చేత భాగించి, తాను ప్రతిదినము నడిపే వడిలో ఏది ఎంత శక్తి ఇస్తుందో విద్యార్థి స్వయముగా పోల్చుకొనవచ్చును. పెద్ద అక్షరములలో తక్కువగా కనిపించిన బండి, ఆ లెక్కలో ముందుకు రావచ్చును.